నీలం కవరాల్ మీద గీత

2013లో నేను సౌదీలోని జుబైల్‌లో, విదేశీ ఇంజనీర్లు కుటుంబాలతో ఉండే ఒక కాంపౌండ్‌లో లాండ్రీ పని చేసేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. మాది జగిత్యాల దగ్గర పల్లె, ఇస్త్రీ మా ఇంటి పని. ఊళ్లో బొగ్గుల పెట్టె, అక్కడ స్టీమ్ ప్రెస్, అంతే తేడా. చొక్కా చేతుల మీద ఇస్త్రీతో పడే నిటారు గీతను మా పనిలో క్రీజ్ అంటారు. నా క్రీజ్ వంకర పోయిందని అన్నవాడు లేడు.

అక్కడి క్లబ్‌హౌస్‌లో గురువారం సాయంత్రాలు పియానో వాయిస్తూ పాడే మెల్విన్ సారుది సికింద్రాబాద్, రైల్వే క్వార్టర్లు. అంతకుముందు గోవాలో ఒక కాసినో పడవ మీద ఆయనదే మెయిన్ షో. గుమ్మం దగ్గర ఆయన నిలువెత్తు ఫొటో ఉండేదట. పాడేవన్నీ తాతల కాలపు ఇంగ్లీషు పాటలు, వేషమూ అప్పటిదే. తెల్ల కోటు, నల్ల బో టై, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. ఆ కోటు నేనే ప్రెస్ చేసేవాణ్ణి. అది తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ, "లింగన్నా, నువ్వు లేకుంటే నేను పెండ్లి బ్యాండోణ్ణే" అనేవాడు.

ఆయన ఇకామాలో మాత్రం ఎలక్ట్రీషియన్ అని ఉంది. ఇకామా అంటే ఆ దేశంలో ఉండటానికీ పని చేయడానికీ ఇచ్చే కార్డు. దొరికిన వీసా మీద వచ్చి దొరికిన పని చేసుకోవడం అప్పటిదాకా చాలామంది చేసిందే. నితాఖత్ అనే కొత్త రూలు వచ్చాక కార్డులో ఉన్న పనే చేయాలన్నారు. సరిచేసుకోవడానికి ఇచ్చిన గడువంతా ఆయన మేనేజరు చుట్టూ తిరిగాడు.

"పాటగాడు అనే పని మన కంపెనీ లిస్టులో లేదు. తనిఖీకి వస్తే ఎలక్ట్రీషియన్‌లాగా కనబడు, చాలు" అన్నాడు మేనేజరు.

గడువు అయిపోయిన వారం మెల్విన్ సారు స్టోర్‌లో ఇచ్చిన కొత్త నీలం కవరాల్, అంటే చొక్కా ప్యాంటు కలిపి కుట్టిన పని డ్రెస్సు, పట్టుకొచ్చాడు.

"జర పొడుగుంది లింగన్నా, కాళ్లకాడ మలిచి కుట్టు. ఇంకో రెండేండ్లు ఈడ ఉండాలె. బిడ్డ నర్సింగ్ అయిపోయేదాకా."

"ఉంటవ్ సార్. గీ డ్రెస్ల నిన్ను జూస్తే కరెంటే భయపడ్తది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కుట్టి ఇచ్చి ఊరుకోవాల్సింది. పనివాళ్ల కవరాల్స్ మేం ఉతికి, ఆరేసి, మడత పెడతామంతే, ప్రెస్ చేయం. కానీ అది మెల్విన్ సారుది. కాలర్‌కు గంజి పెట్టాను. చేతుల మీద, కాళ్ల మీద వేలు తెగేట్టు క్రీజ్ తీశాను. తెల్ల కోటుకు పెట్టినంత మనసూ దానికి పెట్టాను.

మూడో రోజు పొద్దున తనిఖీవాళ్లు వచ్చారు. మమ్మల్ని క్లబ్‌హౌస్ ముందు వరసగా నిలబెట్టారు. నా కార్డులో లాండ్రీ అనే ఉంది, దాటిపోయారు. మెల్విన్ సారు దగ్గర ఆఫీసరు ఆగాడు. కార్డు చూసి, మనిషిని చూశాడు. చేతి మీది క్రీజ్ వెంట భుజం నుంచి మణికట్టు దాకా వేలితో మెల్లగా రాసుకుంటూ వచ్చాడు.

"ఎలక్ట్రీషియనా? పెళ్లికి బయల్దేరావా?" అని అరబ్బీలో అడిగాడు. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. అరచేతులు చూపమన్నాడు, ఒక్క కాయా లేదు. గోడ మీది స్విచ్ బోర్డు విప్పమన్నాడు. పియానో మీద పరుగెత్తే ఆ వేళ్లకు మొదటి స్క్రూ కూడా లొంగలేదు.

ఆఫీసరు మేనేజరు వైపు తిరిగాడు. ప్రతి గురువారం ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే ఆ మనిషి, "ఎలక్ట్రీషియన్‌గానే చేరాడు. ఇంకేం చేస్తాడో నాకు తెలీదు" అన్నాడు.

వ్యాన్ ఎక్కుతూ మెల్విన్ సారు, "కోటు పైలం లింగన్నా" అన్నాడు. కవరాల్ సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది. తర్హీల్‌లో, అంటే దేశం నుంచి పంపేసేవాళ్లను ఉంచే చోట, రెండు వారాలు ఉంచి విమానం ఎక్కించారు. కోటు ఊరికి వెళ్లేవాళ్ల చేత పంపాను. తర్వాతి గురువారం క్లబ్‌హౌస్‌లో స్పీకర్ పెట్టి పాటలు వేశారు. దానికి వేసుకెళ్లే చొక్కా మేనేజరు నాకే పంపాడు. ప్రెస్ చేసి ఇచ్చాను.

ఇప్పుడు జగిత్యాలలో నా కొట్టుకు ఎవరు బట్ట తెచ్చినా, "యాడికి ఏసుకపోతవ్?" అని అడిగాకే పెట్టె పడతాను. కొందరు విసుక్కుంటారు. చేతులు చూసినా ఆయన్ను పట్టుకునేవాళ్లే కదా అని మావాళ్లంటారు. కావచ్చు. కానీ ఆఫీసరు వేలు పెట్టింది ముందు నా గీత మీద.