కానిపా పిలుపు

కరగండా ఊరి చివర దిక్కులేని కుక్కల షెల్టర్‌కి కానిపా ప్రతి ఆదివారం వెళ్లేది. గడ్డిమైదానంలో గొర్రెల మధ్య బతికిన మనిషి. భర్త పోయాక "రా అమ్మా, సుఖంగా ఉందువు" అని కొడుకు దౌరెన్ పిలిస్తే నమ్మి వచ్చి, తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో పడింది. సుఖమట సుఖం! కిటికీ తీస్తే దుమ్మొస్తుందని కోడలి గొణుగుడు. కుక్కను తెచ్చుకుంటానంటే, "అది ఇంట్లోకొస్తే దేవదూతలు గడప తొక్కరత్తయ్యా" అంది కోడలు.

షెల్టర్‌లో చివరి బోనులో ఓ ముసలి కాపలాకుక్క ఉండేది. ఎవరొచ్చినా గోడవైపు తిరిగి పడుకునేది. కానిపా మాత్రం గొర్రెల కాపరుల తీరులో "కాహ్, కాహ్!" అంటే చాలు, లేచొచ్చి ఊచల సందున మూతి పెట్టేది.

ఆ ఆదివారం దాన్ని పెంచుకుంటామని ఒక జంట కారులో వచ్చింది. బోను తలుపు తీసినా కుక్క కదల్లేదు.

"నువ్వు పిలిస్తేనే వస్తుంది పెద్దమ్మా, ఒక్కసారి పిలవవూ," అంది షెల్టర్ చూసుకునే రిమ్మా.

"నేను పిలిస్తే నాతో వచ్చేస్తున్నాననుకుంటుందే, పిచ్చిదానా!"

"అనుకోనీ. ఈ బోనులోనే చావాలా మరి?"

కానిపా కారు పక్కన నిలబడి పిలిచింది. కుక్క పరుగున వచ్చి, ఆమె సీటు మీద తట్టగానే ఎక్కింది. ఆమె కూడా ఎక్కుతుందని పక్కకు జరిగి చోటిచ్చింది. తలుపు పడింది.

కాసేపటికి ఆమెను తీసుకెళ్లడానికి దౌరెన్ వచ్చాడు. కారు తలుపు తీసి, "రా అమ్మా," అన్నాడు ముద్దుగా.

కానిపా ఎక్కి, పక్కకు జరిగి కూర్చుంది. తలుపు పడింది.