కుళాయి పక్కన కుర్చీ

తిరువూరులో నేను పనిచేసే ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్నమైతే వరండా అంతా బంతి. పిల్లలు రెండు వరుసల్లో ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకడి గుడ్డు ఇంకొకడి పళ్ళెంలోకి వెళ్ళేదీ, పొద్దుటి పోట్లాటలు తీరిపోయేదీ ఆ కాసేపట్లోనే. ఎవరికి ఎవరు స్నేహితులో తేలేది నా క్లాసులో కాదు, అక్కడ.

రెండో తరగతిలో ఒక పాప ఉంది. పుట్టినప్పటి నుంచీ చేతులు వణుకుతాయి. ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు సగం గౌను మీద పడుతుంది. మాట్లాడుతుంటే చొంగ కారుతుంది. చదువులో మాత్రం చురుకు. పక్కనున్న నెమలి ఊరి వైపు ఆటో నడిపే వాళ్ళ నాన్న పొద్దున్నే దింపి వెళ్తాడు, ఇంట్లో జాకెట్లు కుట్టే వాళ్ళమ్మ సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది.

ఆ పిల్ల పక్కన కూర్చుని తమ పిల్లలు అన్నం తినలేకపోతున్నారని కొందరు తల్లులు వచ్చి హెడ్మాస్టరుగారితో చెప్పారు. పిల్లల్లో ఒక్కరు కూడా నాతో ఆ మాట అనలేదు. అసహ్యం పిల్లలది కాదు, ఇళ్ళ నుంచి క్యారేజీలో పెట్టి పంపినది.

హెడ్మాస్టరుగారు చెడ్డవారు కాదు. నాకు ఒళ్ళు మండేది అందుకే. చెడ్డవారైతే ఒక్క మాటతో కడిగేసేదాన్ని. ఆయన శ్రద్ధగా ఒక కుర్చీ, దానికి తగిన చిన్న బల్ల చేయించారు. గులాబీ రంగు వేయించారు, వీపు ఆనుకునేచోట చేమంతి పువ్వు గీయించారు. తీసుకెళ్ళి బంతికి దూరంగా, చేతులు కడుక్కునే కుళాయి పక్కన వేయించారు. కింద పడ్డ మెతుకులు కడగడం తేలికట. పాపను అందులో కూర్చోబెట్టి ఫొటో తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే దండాలూ పూలగుత్తులూ వచ్చిపడ్డాయి.

మిగతా టీచర్లు దాన్ని ముద్దుగా సింహాసనం అనేవారు. కుళాయి దగ్గర సింహాసనం వేసే రాజ్యం ఎక్కడుందో నాకు తెలియదు. చేతులు కడుక్కోవడానికి వచ్చిన ప్రతివాడూ ఆ పిల్ల మీద నీళ్ళు చిలకరించి పోయేవాడు. బంతిలో నవ్వులు వినిపించినప్పుడల్లా అది మెడ తిప్పి చూసేది.

కొన్నాళ్ళకు ఆకలి లేదనడం మొదలుపెట్టింది. ఒకరోజు వాళ్ళమ్మ వచ్చింది.

“ఇంటికొచ్చాక గిన్నె ఊడ్చేస్తోంది మేడమ్. ఇక్కడేమో తినదంట. రేపట్నుంచి మధ్యాహ్నం నేనే తీసుకెళ్ళిపోతాను.”

“మళ్ళీ తీసుకొస్తారా?”

“కుట్టుపని వదిలేసి ఎన్నిసార్లు తిరగను? దానికి ఒంటిపూట బడి చాల్లెండి.”

ఒంటిపూట బడి ఏమవుతుందో నాకు తెలుసు. ముందు మధ్యాహ్నం పోతుంది, తర్వాత శనివారం, ఆ తర్వాత బడే పోతుంది. రేపు ఒక్కరోజు చూసి నిర్ణయించుకోమని ఆమెను బతిమాలి, నేరుగా హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళాను.

“ఆ కుర్చీ తీయించండి సార్.”

“పిల్లకి సౌకర్యంగా ఉంటుందనే కదమ్మా చేయించింది.”

“పెళ్ళికి పిలిచి, మీకొక్కరికే చేతులు కడుక్కునే చోట విస్తరి వేస్తే కూర్చుంటారా?”

బంతిలో తమ ముందు వడ్డన ఆలస్యమైతేనే అలిగి లేచిపోయే మనుషులున్న ఊరు మాది. ఆ అలకను ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు కూడా. అంత పౌరుషం ఏడేళ్ళ పిల్లకు ఉండదని ఎలా అనుకున్నారో.

“తల్లులు మళ్ళీ వస్తే?” అన్నారు చివరికి.

“నా దగ్గరికి పంపండి.”

కుర్చీని నేనే మోసుకెళ్ళి సామాన్ల గదిలో పడేశాను. మర్నాడు మధ్యాహ్నం పాపను చెయ్యి పట్టుకుని తెచ్చి, గోడవైపు వరుసలో కూర్చోబెట్టాను. వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి చూస్తోంది. పప్పన్నం వడ్డించారు. పాప పళ్ళెం తీసుకుని, మెల్లిగా జరిగి, బంతికి వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది.

“అదేంటమ్మా?”

“ఇటు తిరిగి తింటాను టీచర్. ఎవరికీ కనపడదు.”

ఏడుపు లేదు, అలక లేదు. పలక మీద అక్షరం దిద్దినంత బుద్ధిగా చెప్పింది. ఎక్కాలు ఎన్నిసార్లు వల్లించినా మరిచిపోయే వయసులో, ఈ పాఠం మాత్రం ఎవరూ అప్పజెప్పించకుండానే వచ్చేసింది. ఆ క్షణంలో ఆ గులాబీ కుర్చీ చేతికి అందితే విరగ్గొట్టేదాన్ని.

నేనూ ఒక పళ్ళెం తెచ్చుకున్నాను. ఆ పిల్లకూ గోడకూ మధ్య ఉన్న కొంచెం జాగాలో ఇరుక్కుని, గోడకు ఆనుకుని, దాని ముఖానికి ఎదురుగా కూర్చున్నాను. ఇంక అది ఎటు తిరిగినా మనిషే కనపడాలి. మొదటి ముద్ద వణుకుతూ లేచి నా చీర మీద పడింది. పాప నా ముఖంలోకి చూసింది, తిట్టు కోసం.

“తినమ్మా,” అన్నాను.

రెండో ముద్ద నోట్లోకి వెళ్ళింది. గేటు వైపు చూస్తే వాళ్ళమ్మ లేదు, పిల్లను తీసుకెళ్ళకుండానే వెళ్ళిపోయింది. చీర మీద మరక ఆ సాయంత్రమే ఉతికితే పోయింది. పాప మాత్రం ఇప్పటికీ పళ్ళెం చేతికిస్తే ముందు గోడవైపే తిరుగుతోంది.