నేను అనని మాట

మా వైపు పాత రాక్ బ్యాండు ఒకదాని మీద తీసిన డాక్యుమెంటరీని నేను బస్ డిపో విశ్రాంతి గదిలో చూశాను. మధ్యాహ్నం రెండు ట్రిప్పుల మధ్య, టిఫిన్ క్యారియర్‌కు ఫోన్ ఆనించి, అన్నం తింటూ. నా పక్కన ఇంకో కండక్టరమ్మ కూర్చుంది. సినిమా గంటన్నర. అందులో నేను కనిపించేది ఒక్కసారే. గుత్తి కోట మెట్ల మీద, ఇస్త్రీ చేసిన కాటన్ చీరలో కూర్చుని, బ్యాండులో పాడే ఆయన గురించి ఒక మాట అంటాను: "ఆయనే వదిలేసి పోయినాడు." కింద 'తొలినాటి అభిమాని' అని అక్షరాలు పడ్డాయి.

పక్కనున్నామె సంబరంగా నా భుజం తట్టింది. నేను చెయ్యి కడిగేసుకున్నాను. ఆ రోజు మెట్ల మీద నేను అన్నది ఇది: "ఆయనే వదిలేసి పోయినాడు. అట్లని అందరూ అంటారు. అది అబద్ధం. పొమ్మన్నారు, పోయినాడు." మొదటి మాట ఉంచుకుని మిగతాదంతా కోసేశారు.

ఆ బ్యాండును నేను మొదటిసారి విన్నప్పుడు ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ వార్షికోత్సవంలో నలుగురు కుర్రాళ్లు కరెంటు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని స్టేజీ ఎక్కారు. అంతవరకు రాక్ పాటలంటే బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్లే. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వీళ్లు మా మాటల్లో పాడారు. ఎండిన చేను గురించి, రాని బస్సు గురించి పాడారు. అరుపు కూడా మన యాసలో ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మా నాయన సైకిల్ షాపులో ఒక టేప్ రికార్డర్ ఉండేది. అది చంకన పెట్టుకుని వాళ్లు ఎక్కడ పాడితే అక్కడికి పోయేదాన్ని. కదిరి తిరునాళ్లకు పోయాను, క్రిస్మస్‌కు చర్చి ఆవరణలో పాడితే అక్కడికీ పోయాను. పదకొండు క్యాసెట్లు రికార్డు చేశాను. పెళ్లయ్యాక మారిన ప్రతి ఇంటికీ అవి బీరువాలో చీరల కింద నాతోపాటు వచ్చాయి.

నలుగురిలో ఇద్దరి గురించి చెబితే చాలు. గిటార్ వాయించినతను పెద్ద భూముల కుటుంబం వాడు. సామాన్లన్నీ అతను కొన్నవే, ప్రాక్టీసు జరిగేది వాళ్ల వేరుశెనగ గోడౌన్‌లోనే. పాడే ఆయన చర్చి పాటలతో గొంతు సాన పెట్టుకున్నవాడు. వాళ్లమ్మ ఆ గిటారు ఆయన వాళ్ల చేలల్లోనే కూలికి పోయేది. పాటలన్నీ రాసింది కొడుకు. అన్నిటికంటే పేరొచ్చిన పాట వాళ్లమ్మ చేలో అన్న మాటలతో కట్టింది: "మబ్బు మొగం జూసి ఇత్తనమేస్తిమి, మా మొగం జూసి మబ్బు ఎల్లిపాయ."

బెంగళూరులో ఒక క్యాసెట్ కంపెనీ వీళ్లను పిలిచింది. ప్రయాణానికి రెండు రోజుల ముందు నేను గోడౌన్ షట్టర్ బయట నిలబడి ప్రాక్టీసు వింటున్నాను. పాట మధ్యలో ఆగింది. గిటారు ఆయన గొంతు వినిపించింది. "నువ్వు బెంగళూరికి రావద్దులేప్పా. కవరు మీద నీ మొగం వద్దంటాండారు." ఎవరు అంటున్నారని పాడే ఆయన అడిగాడు. లోపల గిటారు శ్రుతి చేస్తున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆయన షట్టరు కింద నుంచి వంగి బయటికొచ్చి, నన్ను చూసి, వెళ్లిపోయాడు. నేను పిలవలేదు. అంతేకాదు, క్యాసెట్ వచ్చాక మొదటి రోజే పోయి కొన్నాను. అందులో గిటారు ఆయనే పాడాడు. రెండేళ్లకు బ్యాండు మూతపడింది. డ్రమ్ములాయన తర్వాత చనిపోయాడు, నాలుగో మనిషి ఎక్కడున్నాడో తెలియదు. గిటారు ఆయన వ్యాపారంలో, రాజకీయాల్లో పెద్దవాడయ్యాడు. డాక్యుమెంటరీకి ఖర్చు పెట్టిందీ ఆయనే. అందులో తన పొలం గట్టు మీద నిలబడి, ఎండుతున్న పంటను చూసి ఒక సాయంత్రం ఆ మబ్బు పాట రాశానని చెప్పుకున్నాడు. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు కూడా.

నేను డైరెక్టరుకు ఫోన్ చేశాను. చిన్న వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు. నిడివి ఎక్కువైందని కత్తిరించామని, ఫైనల్ కాపీ సారే చూసి సరే అన్నారని చెప్పాడు. ఆ 'సార్' అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది.

వారపు సెలవు రోజున కణేకల్ పోయాను. పాడిన ఆయన అక్కడ కాలిన మోటార్లకు వైండింగ్ కట్టే షాపు పెట్టుకున్నాడు. కాలువ నీళ్ల ఊరు కాబట్టి మోటార్లకు కొదవ లేదు. నన్ను గుర్తుపట్టాడు. రాగి తీగ చుట్టడం ఆపలేదు, కూర్చోమనలేదు. నేను జరిగింది చెప్పాను. నా మాట కోసేశారు, నా తప్పు లేదన్నాను.

"కోసినోళ్ల సంగతి నాకెందుకు? నోరు నీదే గదా" అన్నాడు.

"నేను పూర్తిగా చెప్పినాన్నా."

"అప్పుడు షట్టరు కాడ నిలబడినావు. ఏమన్నా అన్యావా?" తీగ తెంపి నా వైపు చూశాడు. "మాయమ్మ టీవీలో చూసింది. ఆ పాప గూడా అట్లనే అన్యాదా, అని అడిగింది. ఏం చెప్పాల్ల ఆమెకు?"

ఆమె చేతి సంగటి నేను తిన్నాను. క్రిస్మస్ రోజు పాటలయ్యాక, వాళ్లింట్లో. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఉరవకొండ దాటేసరికి ఏడుపు పోయి కసి మిగిలింది.

పది రోజులకు గిటారు ఆయనే నాకు ఫోన్ చేశాడు. కదిరిలో ఒక కల్యాణ మంటపంలో ఆదివారం సాయంత్రం సినిమా వేస్తున్నారు, తొలినాటి అభిమానిగా నేను స్టేజీ మీద తనకు శాలువా కప్పాలి అన్నాడు. "నువ్వు రాకపోతే ఫంక్షనే లేదు చెల్లెమ్మా" అన్నాడు. తప్పకుండా వస్తానన్నాను. ఇంత తియ్యగా మాట్లాడగలనని నాకే తెలియదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మరుసటి రోజు ఏడో నంబరు క్యాసెట్ తీసుకుపోయి మొబైల్ షాపులో ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

మంటపం నిండిపోయింది. ముందు వరుసలో నాయకులు, వెనక కాలేజీ పిల్లలు. సినిమా అయిపోయింది, చప్పట్లు కొట్టారు, నన్ను పిలిచారు. ఒక చేతికి శాలువా ఇచ్చారు, రెండో చేతికి మైకు. శాలువాను కుర్చీ మీద పెట్టాను.

"ఈ సినిమాలో నా మాట సగమే ఉండాది. మిగతా సగం ఇప్పుడు చెప్తా" అని మొత్తం చెప్పాను. షట్టరు, కవరు, మొహం, అన్నీ. నేను నోరు మూసుకుని క్యాసెట్ కొనుక్కున్న సంగతి కూడా దాచలేదు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు ఫోన్‌ను మైకు దగ్గర పెట్టాను. ముప్పై ఏళ్ల కిందటి గిటారు ఆయన గొంతు, లేతగా, నవ్వుతూ హాలంతా వినిపించింది. "ఈ మబ్బు పాట నాది గాదప్పా. మావాడు రాసినాడు. వాళ్లమ్మ మాటలంట. నేను ఊరికే తీగలు గీకుతా, అంతే."

నేను జనాన్ని చూడలేదు. ఆయన మొహమే చూస్తున్నాను. ముందు నవ్వాడు, తర్వాత ఆ నవ్వును ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. లేచి వచ్చి మైకు అందుకోబోయాడు.

"ఏదో ఆ పొద్దు తమాషాకు అన్యాలే చెల్లెమ్మా."

"తమాషా ఎవరికన్నా?" అన్నాను.

మైకు ఆపేశారు. ఇరవై అయిదేళ్లుగా కిక్కిరిసిన బస్సులో ముందుకు జరగండని అరిచిన గొంతు నాది, దానికి మైకు అక్కర్లేదు. పాట రాసిన మనిషి కణేకల్‌లో మోటార్లు కడుతున్నాడని చివరి వరుస దాకా వినపడేట్టు చెప్పి దిగాను. వెనక కూర్చున్న పిల్లలు కొందరు చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఎవరూ కదల్లేదు. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు. ఒక మనిషి పరువు పోతుంటే చూసి సంతోషించడం మంచిది కాదని చిన్నప్పుడు చెప్పారు. నేను సంతోషించాను.

ఎవరో తీసిన వీడియో ఊళ్లన్నీ తిరిగింది. సినిమాలో నన్ను తీసేశారు. మబ్బు పాట దగ్గర గిటారు ఆయన పేరు కూడా తీసేశారు. కానీ పాడిన ఆయన పేరు పెట్టలేదు. 'జానపదం' అని వేశారు. బతికున్న తల్లి మాటలు, బతికున్న కొడుకు పాట, ఎవరిదీ కాకుండా పోయాయి. అది చూసిన రోజు నుంచి వారానికి ఒక క్యాసెట్ చొప్పున ఇంటర్నెట్‌లో పెడుతున్నాను, ప్రతి పాట కిందా రాసినవాడి పేరుతో.

పాడిన ఆయన ఒకసారి ఫోన్ చేశాడు. "మాయమ్మ విన్యాది. నీ మీద కోపం పోయిందంట" అన్నాడు. మళ్లీ తనే, "నాకింకా పోలేదు" అన్నాడు. సరే అన్నాను. ఆయన కోపం న్యాయమైనదే.

మొన్న గుత్తి బస్టాండులో గిటారు ఆయన మనిషి ఒకడు నా బస్సు ఎక్కాడు. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నా పక్కనే నిలబడ్డాడు. పామిడి దాటాక మెల్లగా అడిగాడు.

"అన్న అడిగి రమ్మన్యాడు. నీకేం కావాల్లక్కా?"

"పాట కింద రాసినాయన పేరు" అన్నాను.

"ఇంకేమన్నా?"

"ఇంకేం వద్దు."

అన్నకు చెబుతానని తర్వాతి స్టేజీలో దిగిపోయాడు. ఇంతవరకు పేరు పడలేదు. నేనూ క్యాసెట్లు పెట్టడం ఆపలేదు.