మార్చిలో వచ్చే మనిషి

మార్చిలో వచ్చే సాన్ హోసే పండగనాటి సాయంత్రం మా పెద్దమ్మ కాస్తులా డాబా మీది మొక్కలన్నిటికీ నీళ్ళు పోసింది, ఒక్కదానికి తప్ప. చెంబు తొట్టి అంచున బోర్లించి, నడుముకు కట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగింది. "రొట్టెలు చల్లారిపోనిచ్చావా?" అంది నన్ను చూసి. మర్నాడు పొద్దున ఆవిడ లేవలేదు. నిద్రలోనే పోయింది.

మా ఊరు మాతెహువాలాలో చలికాలమంతా ముళ్ళమొక్కలకు చుక్క నీరు పొయ్యరు. జాలిపడి పోస్తే వేరు కుళ్ళుతుంది, వసంతంలో మొగ్గ రాదు. సాన్ హోసే పండగనాడే తొలి నీరు. పెద్దమ్మ డాబా మీద బట్టలారేసే తీగ కింద కాలు పెట్టే చోటుండేది కాదు. పందికొవ్వు డబ్బాలు, రంగు డబ్బాలు, పగిలిన వాష్‌బేసిన్, అన్నిట్లోనూ ముళ్ళే.

ఆవిడ నీళ్ళు పొయ్యనిది మూలనున్న బిస్నాగా. కుండలా గుండ్రంగా, ఎర్ర ముళ్ళతో ఉంటుంది. పెద్దమ్మ మొగుడు ఫిలెమోన్ ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో గాడిదతో కొండకు పోయి బిస్నాగా మొగ్గలు కోసుకొచ్చి సంతలో అమ్మేవాడు. ఆ మొగ్గల కూర ఉంటే మా వాళ్ళు మాంసం మాటెత్తరు. వచ్చేటప్పుడు పిడికిలంత పిల్లమొక్కను వేళ్ళతో సహా పెళ్ళానికి తెచ్చేవాడు. తను తెచ్చినదానికి తొలి నీరు తనే పొయ్యాలి, అదొక పట్టింపు. నేను పుట్టకముందు ఒక ఏడు గాడిద ఒక్కటే తిరిగొచ్చింది. సంచిలో సగానికి మొగ్గలు, అడుగున ఒక పిల్ల బిస్నాగా. ఆ కొండల్లో పూడ్చకుండా వదిలేసిన పాత గని గోతులు బోలెడు. ఊరంతా వెతికింది. టోపీ కూడా దొరకలేదు.

పెద్దమ్మ ఆ దారినే కొండకు వెళ్ళి మూటెడు ఎర్రమట్టి తెచ్చి దాన్ని నాటింది. మిగతా డబ్బాలన్నిట్లో వాగు ఇసుకే. నీళ్ళు మాత్రం పొయ్యలేదు. "తెచ్చినాయన పోస్తాడు" అంది. పండగ మర్నాడు పొద్దున చూస్తే మట్టి తడిసి ఉంది. ఇక ఏటా అంతే.

మా అమ్మ కూకా, అంటే పెద్దమ్మ చెల్లెలు, ఊరుకునేది కాదు.

"ఉన్నన్నాళ్ళూ నీకు గ్లాసెడు మంచినీళ్ళు అందించి ఎరగడు మా బావ. ఇప్పుడు ముళ్ళచెట్టుకు మోస్తున్నాడా?"

"నీ మొగుడేమన్నా నీకు అందించాడేంటే?"

"పక్కింటివాళ్ళు గోడ దిగొచ్చి పోస్తున్నారేమో అక్కా."

"వాళ్ళు వాళ్ళ కుక్కకే నీళ్ళు పెట్టరు."

ఏటా నవంబరులో, చచ్చిపోయినవాళ్ళ కోసం బల్ల వేసి, ఫోటోలు పెట్టి, బంతిపూలు చల్లినప్పుడు ఫిలెమోన్ ఫోటో మాత్రం పెట్టనిచ్చేది కాదు. చర్చి ఫాదర్ ఇంటికొచ్చి చెప్పి చూశాడు.

"చచ్చినవాళ్ళు నవంబరులో వస్తారు ఫాదర్. మా ఆయన మార్చిలో వస్తున్నాడు."

మొగుడు పోయినవాళ్ళు కట్టే నల్లబట్ట పెద్దమ్మ కట్టలేదు. మంచం మీద గోడవైపే పడుకునేది, రెండోవైపు ఖాళీగా ఉంచి. చిన్నప్పుడు పండగకు నన్ను అక్కడే పడుకోబెట్టేవాళ్ళు. తెల్లారగానే డాబా ఎక్కి ఆ మట్టిలో వేలు పెట్టేదాన్ని. చల్లగా ఉండేది, ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు. వేలు గౌనుకు తుడుచుకుంటూ కిందికి పరిగెత్తేదాన్ని.

ఆవిడ పోయిన ఏడే, పండగకు ముందు, ఆ బిస్నాగా మొదటిసారి మొగ్గ వేసింది.

"ఇన్నేళ్ళకు కాపుకొచ్చింది. కోసి ఉల్లిపాయలేసి వండనా?" అంది అమ్మ.

"చెయ్యి వేసి చూడు. ఆ ముళ్ళతోనే నీ నోరు కుడతా" అంది పెద్దమ్మ.

పండగ మర్నాడు, ఆడవాళ్ళు తలుపేసుకుని పెద్దమ్మకు స్నానం చేయిస్తుంటే, నేను డాబా ఎక్కాను. బిస్నాగా మట్టి తడిగా ఉంది. డబ్బా కింద నుంచి ఎర్రటి చార సాగి, గచ్చు మీద అప్పుడప్పుడే ఆరుతోంది. వచ్చాడు, బతికే ఉన్నాడు అనుకున్నాను. ఆవిడ నమ్మినది నమ్మడానికి ఇక నేనే మిగిలాను. వారం తిరక్కుండా మొగ్గలు విచ్చాయి, ఎర్రగా, నడినెత్తిన కిరీటంలా.

నవంబరులో బల్ల మీదికి అమ్మ రెండు ఫోటోలు తెచ్చింది. నేను ఒకటి వెనక్కి తీశాను.

"పెద్దమ్మ ఒప్పుకునేది కాదమ్మా."

"పాపం, ఒక్కతే కూచుంటుందే."

"ఆయన మార్చిలో వస్తాడు."

అమ్మ నా చేతిలోంచి తీసుకుంది. ఫోటో సొరుగులో పెట్టేసింది. ఆ నవంబరు పెద్దమ్మ బంతిపూల మధ్య ఒక్కతే ఉంది.

మళ్ళీ సాన్ హోసే పండగకు మొక్కలన్నిటికీ నేనే నీళ్ళు పోశాను, ఒక్కదానికి తప్ప. మర్నాడు పొద్దున ఎక్కి చూశాను. ఎర్రమట్టి పగుళ్ళిచ్చి పొడిగా ఉంది. ఎండెక్కేదాకా అక్కడే కూచున్నాను.

కిందికొస్తే అమ్మ కూరకు నాగజెముడు ఆకుల మీది ముళ్ళు కత్తితో గీకుతోంది.

"పొడిగానే ఉందమ్మా."

"ఉంటుంది" అంది. కత్తి ఆగలేదు. ఇంకో ఆకు తీసుకుని అంచులు కోసింది. "నువ్వంత నమ్మకంగా అంటుంటే నాకు నోరు రాలేదు. అక్కకైనా తెలుసో లేదో, నిద్రలో లేచి వెళ్ళేదో ఏమో. ఆరోజు స్నానం చేయించినప్పుడు కాళ్ళు కడిగింది నేనే. అరికాళ్ళు ఇంకా చెమ్మగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి."