తలుపు వేసుకోమన్న దెయ్యంపిల్ల

ఆ సీరియల్ చివరి వారం దెయ్యంపిల్ల ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడింది నేను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా, ఆ సాయంత్రం వాన పడిందని, అయినా కరెంటు పోలేదని మాత్రమే రాసుకున్నాను.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తిరుపతిలో స్టేషన్ వెనక ఒక సందులో ఉండేవాళ్లం. తొంభైలు సగం దాటిన రోజులు. మా సందుకు కేబుల్ కొత్తగా వచ్చింది. తీగ లాగిన మనిషి తెలుగు ఛానళ్లకంటే అరవ ఛానళ్లే ఎక్కువ ఇచ్చాడు. అడిగితే, ఈ ఊళ్లో సగం మందికి అరవం వచ్చు కదా అన్నాడు. మా సందు రెండో సగంలో ఉండేది. మా అమ్మది ఒక్కదానిదే తిరుత్తణి పక్క పల్లె.

తిరుత్తణిలో మా మేనమామ ఇంటి అటక మీద ఒక తమిళ వారపత్రిక పాత సంచికలు కట్టలు కట్టి ఉండేవి. అందులో వారం వారం ఒక బొమ్మల కథ వచ్చేది. ఆ బొమ్మల కోసమే నేను వేసవి సెలవుల్లో తమిళ అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. జ్వరంతో చచ్చిపోయిన చిన్నపిల్ల, చీకటి పడగానే ఆకలేసి తల్లి ఇంటికి వస్తుంది. తల్లి తలుపు తీసిపెట్టి, గడప లోపల పళ్లెంలో అన్నం పెట్టుకుని కూర్చుంటుంది. ఊరివాళ్లు భయపడి మంత్రగాణ్ణి పిలిపిస్తారు. మంత్రగాడు వచ్చేలోపే పిల్ల, "అమ్మా, నాకిప్పుడు ఆకలి లేదు. నువ్వు తలుపేసుకుని పడుకో" అని చెప్పి వెళ్లిపోతుంది. చివరి బొమ్మలో మూసిన తలుపు, బయట వెన్నెల. ఆ పేజీని ఎన్నిసార్లు తెరిచానో.

ఆ కథే సీరియల్‌గా వస్తుందని తెలిసినప్పుడు నాకు సంతోషం కంటే బెంగ ఎక్కువైంది. అనుకున్నట్టే, బొమ్మలో రెండు జడలు, ఊడిపోయిన రిబ్బనుతో ఉండే పిల్లకు టీవీలో ముఖం నిండా పిండి పూసి జుట్టు విరబోశారు. నాకు నచ్చలేదు. సందుకు మాత్రం బాగా నచ్చింది. శనివారం ఏడు గంటలకు మా నడవ నిండిపోయేది. శనివారాలు ఒంటిపూట ఉండే మా అవ్వ కూడా ఇడ్లీ పళ్లెం పట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చునేది.

మొదటి వారం అర్థం చెప్పే పని అమ్మ మీద పడింది. మంత్రగాడు అంతసేపు మాట్లాడితే అమ్మ, "ఏందో తిడతా ఉండాడు" అని ఊరుకునేది. తల్లి ఏడుస్తూ ఒక పేజీ మాటలు చెబితే, "బాధపడతాండాది పాపం" అనేది. పక్కింటి ఆటో అన్నకు ఒళ్లు మండింది.

"అది మాకూ కనపడతా ఉండాది కదక్కా. దానికి నువ్వెందుకు?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, కుక్కర్ విజిల్ వేసిందని లేచిపోయింది. సరిగ్గా అప్పుడే తెరమీద పిల్ల ఏదో అన్నది. గోడకు ఆనుకుని కూర్చున్న నా నోటి వెంట దాని తెలుగు వచ్చేసింది. నడవలో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఎవరన్నా పలకరిస్తేనే తల వంచుకునే పిల్లను నేను. ఆ మరుసటి వారం నుంచి నన్ను లాక్కొచ్చి టీవీ పక్కన పీట వేసి కూర్చోబెట్టారు.

మొదట్లో "అంటుంది", "అంటున్నాడు" అని కలిపి చెప్పేదాన్ని. అలా చెబితే సగం వాక్యం వెనకబడిపోయేదాన్ని. అందుకని వాటిని వదిలేసి, ఎవరి మాట వాళ్లదిగానే చెప్పడం మొదలుపెట్టాను. తల్లి మాట నేనే, మంత్రగాడి మాట నేనే, దెయ్యం మాట నేనే. ముఖం మాత్రం టీవీ వైపే ఉంచేదాన్ని. నన్నెవరూ చూడటం లేదని తెలిసినప్పుడు నా గొంతు నాకే కొత్తగా, నిబ్బరంగా వినిపించేది.

సీరియల్ ముదిరేకొద్దీ సందులో భయం కూడా ముదిరింది. పిల్లలు చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లడం మానేశారు. అవ్వ మిద్దె మీది యాంటెన్నా కర్రకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించింది. ఆ యాంటెన్నా పనిలో లేదని నాయన ఎంత చెప్పినా వినలేదు. మా టీవీ మీద వెంకటేశ్వరస్వామి పటం ఉండేది. స్వామి కిందే దెయ్యం ఆడటం పాపమని ఒక వారం అవ్వ పటం తీసి గోడకు పెట్టించింది. ఆ వారమే దెయ్యం తెరమీద మరీ దగ్గరికొచ్చి అరిచింది. స్వామి లేకపోబట్టే అంత మీదికొచ్చిందని చివరింటి అక్క వాదించింది. పై వారానికి పటం మళ్లీ టీవీ మీదికి ఎక్కింది. మంత్రగాడు ఎప్పుడొచ్చినా ఆటో అన్న, "మీటరు ఎయ్యకుండా తిరగతాండాడప్పా వీడు" అనేవాడు.

ఎదురింటి అత్త ఒక్కతే భయపడేది కాదు. ఆమె మాకు చుట్టం కాదు. వాళ్లాయన రేణిగుంటలో రైల్వే ఉద్యోగి. వాళ్లకున్న ఒక్క కూతురు, మేము ఆ సందుకు రాకముందే మెదడువాపు జ్వరంతో చనిపోయింది. ఆ పిల్ల మాట ఆమె ఎత్తేది కాదు, ఎవరూ అడిగేవాళ్లు కారు. ఆమె గుమ్మం పక్కన కూర్చుని టీవీలో పిల్ల ముఖమే చూసేది. అందరూ కెవ్వుమన్న చోట ఆమె నెమ్మదిగా నన్ను అడిగేది.

"తినిందామ్మా అది?"

తినింది అత్తా అనేదాన్ని. ఆమెతో నా సొంతంగా నేనన్న మాట అదొక్కటే.

కొన్నాళ్లకు ఒక ఉదయం ముగ్గు వేయడానికి వెళితే, ఎదురింటి గడప లోపల చిన్న స్టీలు పళ్లెం కనిపించింది. అంచు మీద పేరు కొట్టించిన పిల్లల పళ్లెం. అందులో ఎండిపోయిన పెరుగన్నం. తలుపు బార్లా తీసే ఉంది. లోపల అత్త గోడకు ఆనుకుని నిద్రపోతోంది. నేను సగం ముగ్గులోనే లేచి లోపలికి వచ్చేశాను. అమ్మకు చెబుదామనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను.

నేను చెప్పకపోయినా తెలిసింది. ఒక ఆదివారం ఎదురింటి మామ వచ్చి నాయన దగ్గర కూర్చున్నాడు. ఆయనకు వారంలో సగం రోజులు రాత్రి డ్యూటీ.

"ఇంట్లో ఆడమనిషి ఒకతే ఉండాది. తలుపు గడి పెట్టదన్నా. పెట్టించి పోతే మళ్లా తీస్తాది. స్టేషన్ పక్కన ఎట్టెట్టా మనుషులు తిరగతారో నీకు తెల్దా? నాకు ఆడ పని సేస్తాంటే సేతులాడవు" అన్నాడు. అని, ఆ సీరియల్ నిలిపేయమని అడగలేక అడిగాడు.

నాయన, మన ఇంట్లో ఆపితే ఆమె ఇంకో ఇంటికి పోతుంది, మధ్యలో ఆగిపోతే ఆ తలుపు ఎప్పటికీ తెరిచే ఉంటుంది అని చెప్పి, నన్ను పిలిచాడు. ఆ కథ చివర ఏమవుతుందో చెప్పమన్నాడు. పిల్ల తనంతట తనే తల్లికి చెప్పి మంచిగా వెళ్లిపోతుందని, తలుపు వేసుకోమని కూడా చెబుతుందని నేను నేల చూస్తూ చెప్పాను. మామ ఆ మాటను నాచేత మళ్లీ చెప్పించుకున్నాడు. అట్లయితే ఆ చివర్ని ఆమె చూడాల్సిందేనని, అంతవరకు రాత్రి డ్యూటీలు మార్పించుకుంటానని లేచాడు. వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ తర్వాతి వారాలన్నీ నేను బొమ్మల కథను, టీవీని మనసులో పక్కపక్కన పెట్టుకునే చూశాను. బొమ్మల్లో లేని దొంగస్వాములు వచ్చారు, పాములు వచ్చాయి. అయినా చివర మార్చరులే, అంత మంచి చివరను ఎవరు పాడు చేస్తారు అనుకునేదాన్ని.

చివరి శనివారం వాన, దాని హోరుకు టీవీ మాటలు నా పీట దాకానే వినపడుతున్నాయి. నడవలో తడి చెప్పుల వాసన. మామ కూడా వచ్చి అత్త వెనక నిలబడ్డాడు. అంతకుముందు ఎప్పుడూ టీవీకి వచ్చినవాడు కాదు ఆయన. అమ్మ పెరట్లో వానకు బట్టలు తీస్తోంది.

మంత్రగాడు పిల్లను చింతచెట్టు దగ్గరికి ఈడ్చుకుపోయాడు. బొమ్మల కథలో చింతచెట్టు లేదు. చేతిలో పెద్ద ఇనుప మేకు ఉంది. తల్లి పరిగెత్తుకొచ్చి కాళ్ల మీద పడింది. ఆమె మాటలు చెబుతున్నాను. మంత్రగాడు సుత్తి ఎత్తాడు. పిల్ల తల్లివైపు చూసింది. మేకు దిగింది. పాట లేదు, అరుపు లేదు, పిల్ల ముఖం మాత్రం తెర నిండా నిలిచిపోయింది.

నడవంతా నా వైపు చెవి ఒగ్గి ఉంది. ఇంత సేపు చూసిన ముఖం ఏమీ చెప్పకుండా ఎలా పోతుంది? అందరూ ఆ మాట కోసం ఆగినట్టే ఉన్నారు. అత్త రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, నాకిప్పుడు ఆకలి లేదు. నువ్వు తలుపేసుకుని పడుకో" అన్నాను.

ఎవరో వెక్కారు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, పోనీ, మంచిగా పోయింది బిడ్డ అన్నది. అమ్మ బట్టలు తీసుకుని లోపలికి వచ్చేసరికి సబ్బు ప్రకటన వస్తోంది. అత్త లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని, వానలో సందు దాటి వెళ్లింది. ఆ రాత్రి ఎదురింటి తలుపు గడి పడిన చప్పుడు మా నడవలోకి వినిపించింది. నాయన నావైపు చూసి తల ఊపాడు.

సందంతా కొన్నాళ్లు ఆ చివరి మాట గురించే చెప్పుకుంది. ఎంత బాగా రాశారో అన్నారు. నేను బొమ్మల కథ రాసినవాళ్లను తలుచుకుని మనసులో దండం పెట్టుకున్నాను. రాత్రిళ్లు ఆ తలుపు ఇక తెరుచుకోలేదు. మామ మళ్లీ రాత్రి డ్యూటీలకు వెళ్లాడు. అత్త టీవీకి రావడం మానేసింది. సాయంత్రాలు గుమ్మం బయట అరుగు మీద బియ్యం ఏరుకుంటూ కనిపించేది. వెళ్లి పక్కన కూర్చుని, మీ పాప ఎలా ఉండేది అత్తా, ఏం తినేది అని అడగాలని నాకు ఉండేది. సందు దాటితే అరుగు. మాటలు కూడా సిద్ధం చేసుకుని, అద్దం ముందు అనుకుని, చెప్పులేసుకుని మా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేదాన్ని. అన్ని నెలలు అంతమంది ముందు దెయ్యమై మాట్లాడిన నోరు, ఆమె ఒక్కదాని ముందు నేనుగా పెగల్లేదు. ఆమెకు ఆ పిల్ల గురించి మాట్లాడేందుకు ఒక మనిషి కావాలని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నా, బాధంతా అదే. ఆ సాయంత్రం కల్పించి చెప్పినదానికి కాదు.

కొన్ని నెలలకు మామకు గూడూరు బదిలీ అయింది. సామాను లారీకెక్కిన ఉదయం అత్త మా ఇంటికి వచ్చింది. అమ్మ బొట్టు పెట్టి, రవికె గుడ్డా తాంబూలమూ ఇచ్చింది. అవ్వ దీవించింది. నేను వంటింటి వాకిలి పక్కన నిలబడి ఉన్నాను. అత్త వెళ్లబోయి, వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుంది. ఆ తర్వాత ఆమెను నేను మళ్లీ చూడలేదు. గూడూరు మీదుగా రైలు వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి వెతుకుతాను, అంతే. ఆ ఉదయం ఆమె నా గడ్డం పట్టుకున్నప్పుడైనా ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. ఆమే ముందు మాట్లాడింది, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా.

"ఆ పొద్దు ఆ బిడ్డ నోరు మెదపలేదమ్మా. నేను దాని మొగమే సూస్తా ఉండినాను. నువ్వు సెప్పినావని ఏసుకున్నాను తలుపు."