జీడిపిక్కల బస్తాలో దాచిన మాత్రలు

ఆ రోజు పలాసలో పళ్ల డాక్టరు గదిలో, చేయని తప్పుకు నా భార్య మాట పడుతుంటే నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. తప్పు నాది.

ఆమెకు కింది పళ్లు పోయి చాలా ఏళ్లయింది. దవడ ఎముక అరిగిపోయి కట్టుడు పళ్లు నిలిచేవి కావు. ఒక ఆదివారం చర్చిలో వాక్యం చదువుతుంటే జారి బైబిలు మీద పడ్డాయి. అప్పటినుంచి చదవడం మానేసింది. దవడలో స్క్రూలు దించి పళ్లు బిగించాలంటే ముందు ఎముక పొడి నింపి, అది గట్టిపడేదాకా నెలలు ఆగాలన్నాడు డాక్టరు. ఆ పొడి దేని ఎముకని మూడుసార్లు అడిగాను. పశువుల ఎముకను శుద్ధి చేసిందని మూడుసార్లూ ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓపిక మీదే నాకు అనుమానం వచ్చింది.

మా ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బే; ఎవరు మాత్ర ఇచ్చినా ముందు కిడ్నీలకే భయపడతాం. మా అన్న డయాలసిస్ మీదే పోయాడు. అందుకే ఆపరేషనైన సాయంత్రం మందుల కవరు నేనే విప్పాను. జ్వరం మాత్రల అట్ట ఒక్కటి ఉంచి, మిగతా రెండట్టలూ జీడిపిక్కల బస్తాలో దోపేశాను.

“ఇంతేనా బావా?” అంది. మేనమామ కూతురు, పెళ్లయినా ఆ పిలుపు మారలేదు.

“ఇంతే రాశాడు” అన్నాను.

వారం తిరక్కుండా దవడ వాచింది. డాక్టరు కుట్లు విప్పి చీము కడిగి, పెట్టిన ఎముకలో సగం పోయిందన్నాడు.

“చీము పట్టకుండా ఇచ్చిన మాత్రలు వేసుకున్నారా?”

“ఇచ్చినవన్నీ ఏసుకున్నానండి.”

“అబద్ధం ఎందుకమ్మా? రేపు పొడి మంచిది కాదని నన్నంటారు.”

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీదివాళ్లు తొంగిచూశారు. ఆమె నా వైపు చూసింది. నేను క్యాలెండరు వైపు.

బస్సెక్కి మందసలో దిగాం. ఇంటికొచ్చాక, “నానే మర్సిపోయానేటి బావా? నా బుర్ర గాని పాడైపోనాదా?” అంది.

అది వినలేకపోయాను. బస్తా విప్పి, అట్టలు తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఒక్క మాత్రా తీయని ఆ అట్టల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“డాక్టర్ని నమ్మనేదు, సరే. నాకో మాట సెప్పాలనిపించనేదేటి?”

మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరం వెళ్లాం. బెంచీ మీది జనం వినేలా తలుపు దగ్గరే నిలబడి, “ఆవిడ అబద్ధమాడలేదండి. మాత్రలు దాచింది నేను” అన్నాను.

డాక్టరు ఆమె ఫైలు తీసి, ఆపరేషనుకు ముందు చేయించిన కిడ్నీ పరీక్ష కాగితం నా ముందు పెట్టాడు. “ఇది చూశాకే రాశాను. నన్ను అడిగితే అప్పుడే చూపించేవాణ్ని” అన్నాడు. తర్వాత ఆమెతో, “నేనూ అలా అనకుండా ఉండాల్సిందమ్మా” అన్నాడు. మిగిలిన ఎముక నిలిచేదీ లేనిదీ నెలలు పోతేగాని తెలియదట.

ఇప్పుడు పూటపూటా మాత్ర నేనే ఇస్తున్నాను. ఆమె డాక్టరు రాసిన చీటీ తెచ్చుకుని, అట్టమీది పేరు అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే నోట్లో వేసుకుంటుంది. అంతసేపూ నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడతాను.