నేను తెరవని ఖాతా

ఫోన్ మీద లత పేరు కనిపిస్తే నాకు ఇప్పటికీ భయమే. ఏళ్లు గడిచాయి. తను చేసేది పెరుగు తోడుకో, గుడికి వస్తావా అని అడగడానికో. నేను మాత్రం ప్రతిసారీ, ఈసారి తెలిసిపోయిందనుకునే ఎత్తుతాను. మా ఆయనకి కూడా చెప్పని మాట ఇది. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మేము అమెరికాలో ఈ క్యారీ ఊరికి వచ్చిన కొత్తలో మా ఆయనది ఉద్యోగానికిచ్చే హెచ్-వన్ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్-ఫోర్. నేను ఉద్యోగం చేయకూడదు. బీకాం చదివి కూరలు తరుగుతూ కూర్చున్నాను. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో కలిసే ఒక ఏజెంటు, మనవాడే, పిల్లల కాలేజీ కోసం దాచుకునే ఖాతాలు అమ్మేవాడు. చదువుకి వాడితే లాభం మీద ట్యాక్స్ ఉండదు. నేను ఎవరినైనా పంపిస్తే నాకొక గిఫ్ట్ కార్డు. ఈ దేశంలో నా చేతికొచ్చిన మొదటి సంపాదన. ఎంత మురిసిపోయానో! ఒకసారి కార్డు ఇస్తూ అతను నవ్వాడు, "హెచ్-ఫోర్ మీద ఇవి తీసుకోకూడదటగా వదినా, నేనెవరికీ చెప్పన్లెండి" అని. తమాషాకే అన్నాడేమో. నాకు మాత్రం భయం పట్టుకుంది. వీసా పోతే? మా ఆయన గ్రీన్ కార్డు ఆగిపోతే?

ఆ వారమే పక్కింటి లత వచ్చింది. డేకేర్‌లో పనిచేసి కొడుకు చదువుకి కూడబెడుతోంది. వంశీ అప్పుడే హైస్కూల్లో చేరాడు.

"అక్కా, నువ్వు లెక్కలు తెలిసినదానివి. ఆ ఏజెంటు ఖాతాలో పెడితే ఫీజులకే పోతుందంటున్నారు మా ఆయన. ట్యాక్స్ సేవ్ అయ్యేది అంతకన్నా ఎక్కువేనా?"

ఆ లెక్క నేను అప్పటికే వేసి ఉన్నాను. డబ్బు పెట్టేటప్పుడే ఒక కోత, ఆపైన ఏటా ఇంకో కోత. నాలుగేళ్లలో వచ్చే లాభమెంత, దాని మీద తప్పే ట్యాక్సెంత? ఫీజే ఎక్కువ. అదే ఖాతా ఏజెంటు లేకుండా ఆన్‌లైన్‌లో తెరిస్తే ఫీజు నామమాత్రం. మా పాపకి అలాగే తెరిచాను.

"ఎక్కువేలే" అన్నాను.

"మీ పాపకి ఇందులోనే పెట్టావా?"

"ఆ, పెట్టాం."

"అయితే నాకింకేం భయం లేదు" అంది లత.

ఇంకో మనిషిని పంపితే ఆ ఏజెంటు నోరు మూతపడుతుందనుకున్నాను. అదొక్కటేనా? కార్డు మీద ఆశ లేదా? ఉంది.

వంశీ కాలేజీలో చేరే ఏడే మార్కెట్ కూలింది. అందరూ గుండెలు బాదుకుంటుంటే నేను, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఊపిరి పీల్చుకున్నాను. ఫీజులు తిన్నదీ మార్కెట్ తిన్నదీ కలిసిపోయాయి, ఇక ఎవరూ విడదీసి చూడరు. హాస్టల్‌కి డబ్బు చాలక వంశీ పాత కారులో రోజూ గంట డ్రైవ్ చేసి కాలేజీకి వెళ్లేవాడు. రోడ్లు గడ్డకట్టిన రోజుల్లో ఆ కారు తిరిగొచ్చేదాకా నేను కిటికీ దగ్గరే నిలబడేదాన్ని. లత నా చెయ్యి పట్టుకుని, "నీదీ పోయుంటుంది కదక్కా, మనిద్దరిదీ ఒకటే రాత" అని నన్నే ఓదార్చింది.

గ్రీన్ కార్డు రాగానే చెప్పేస్తానని నాకు నేను ఏళ్లుగా చెప్పుకున్నాను. పోయినేడు వచ్చింది. లత ఇంటిదాకా వెళ్లి, స్వీట్ డబ్బా ఇచ్చి వచ్చేశాను. వీసా పేరు చెప్పి ఇన్నాళ్లూ దాక్కున్నానని అప్పుడర్థమైంది. నా భయమంతా లత ముఖం ఎలా మారిపోతుందోనని.

వచ్చే ఆగస్టులో మా పాప కాలేజీకి వెళ్తోంది. హాస్టల్లోనే ఉంటుంది. నేను ఆన్‌లైన్‌లో తెరిచిన ఖాతాలో డబ్బు సరిపోయేంత ఉంది. మీదీ పోయింది కదా, ఎలా కడుతున్నారక్కా అని లత అడుగుతుంది. అడగక మానదు. నా నోట ఏం వస్తుందో నాకు తెలియదు. ఇక్కడైతే రాస్తున్నాను. లతా, నేను ఆ ఏజెంటు ఖాతాలో ఒక్క డాలర్ కూడా పెట్టలేదు.